మార్లవాయి వాచకం

ఆ వాచకాలు ఇవాళ ఏ బడిలోనూ లేవు. గోండు పిల్లలు గోండీలోనే అక్షరాలు దిద్దుకుని, గోండీలోనే కూడబలుక్కుని చదివిన కాలం ఒకటి ఆదిలాబాద్ అడవుల్లో ఉండేది. ఆ బడిలో చదివిన తరం పెరిగి, పెళ్ళిళ్ళై, తమ పిల్లల్ని అదే పాఠానికి పంపేలోగానే అది అయిపోయింది. దాని మీదికి సైన్యం నడిచి రాలేదు. దాని కోసం ఎవరూ ప్రాణాలు ఒడ్డలేదు. అందుకే కాబోలు, దాన్ని తలుచుకుని కన్నీరు పెట్టినవాళ్ళూ తక్కువే. జోడెఘాట్‌కు గుర్తుగా కట్టడం ఉంది, ఇంద్రవెల్లిలో స్తూపం ఉంది. పోయిన పుస్తకానికి స్తూపం కట్టే ఆచారం మనకు లేదు.

గోండీ వాచకం ఉన్నచోటికి వచ్చి కూర్చున్నది మన తెలుగు వాచకమే. ఈ మాట రాయబోతే చెయ్యి బరువెక్కుతుంది. గోండీ మనకు పరాయి భాష కాదు. ద్రావిడ భాషల్లో తెలుగు పుట్టిన శాఖలోనే పుట్టింది. ఒక తల్లి బిడ్డల్లో పెద్దది చదువుకుంది, రాజ్యాలేలింది, అచ్చుకెక్కింది. రెండోది అడవిలో ఉండిపోయింది. పెద్దది ఒకనాడు చిన్నదాని చేతిలోంచి పలక తీసేసుకుంది.

ఆ చిన్నది కూడా ఒకప్పుడు రాజ్యమేలినదే. చాందా కోటలో గోండు రాజులు కొన్ని శతాబ్దాలు ఏలారు. ఉట్నూరు కోట గోడలు ఇప్పటికీ ఆ మాటే చెబుతాయి. 1751లో చాందా నాగపూర్ భోంస్లేల వశమైంది. రాజ్యం పోయాక గోండులకు మిగిలినవి అడవి, పెన్‌లు అనే తమ దేవతలు, కథలు పాడే ప్రధాన్ కిక్రి వాద్యం మీద పలికే కథ. ఆ తర్వాత నూటయాభై ఏళ్ళకు అడవి కూడా కాగితం మీదికి ఎక్కింది. ఇది రిజర్వు, ఇది పట్టా, ఇది బంచరాయి అని గీతలు పడ్డాయి. తాతలు దున్నిన చేనుకు ఎవరో పట్టా రాయించుకున్నారు. మేత మేపితే పన్ను, కట్టె కొడితే జుల్మానా. జంగ్లాతోళ్ళు రాసిందీ, పట్వారీ రాసిందీ, సాహుకారు బాకీ చిట్టాలో రాసిందీ గోండు చదవలేడు. వేలిముద్ర మాత్రం వేయగలడు. భూమి పోయింది ఆ వేలి కిందనుంచే.

కొమురం భీం ఈ సంగతి తెలిసినవాడు. ఊరు విడిచి తిరిగిన ఏళ్ళలో అక్షరాలు నేర్చుకున్నాడని జనం చెప్పుకుంటారు. పన్నెండు గూడేల కోసం నిలబడి, 1940లో జోడెఘాట్ గుట్టల్లో నిజాం పోలీసుల తూటాలకు తన తోటివాళ్ళతో కలిసి నేలకొరిగాడు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమినాడు ఆ గుట్టమీద వర్ధంతి జరుగుతుంది. ఆ చావు ఎంత పెద్దదో మనకందరికీ తెలుసు. నేను చెప్పబోయే కథ ఆ చావు తర్వాత మొదలవుతుంది.

జోడెఘాట్‌లో కాల్పులు జరిగాక నిజాం సర్కారుకు ఒక ప్రశ్న మిగిలింది: వీళ్ళు ఎందుకు తిరగబడ్డారు? దానికి జవాబు వెతకడానికి దొరికినవాడు మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టినవాడు. 1939లో యుద్ధం వచ్చేనాటికి చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందుకు శత్రుదేశస్థుడిగా లెక్కకొచ్చి, హైదరాబాద్ రాజ్యం ఎల్లలు దాటకూడదన్న షరతు మీద ఇక్కడ ఉండిపోయాడు. చెంచుల దగ్గర, కొండరెడ్ల దగ్గర కొంతకాలం గడిపి, భార్య బెట్టీతో కలిసి ఆదిలాబాద్ గుట్టల్లోని మార్లవాయికి వచ్చాడు. మార్లవాయి ఇప్పుడు కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది. ఊరి పటేల్ లచ్చు వాళ్ళను తనవాళ్ళలా చూసుకున్నాడు. ఆ దంపతులు గోండుల ఇళ్ళలాంటి ఇంట్లోనే కాపురముండి, గోండీ నేర్చుకుని, పెన్ పండుగలకు వెళ్ళి, ప్రధాన్ల పాటలు రాసుకున్నారు.

హైమెండార్ఫ్ సర్కారుకు ఇచ్చిన జవాబు సూటిగానే ఉంది. వీళ్ళ భూమి వీళ్ళ పేరున రాయండి, రాసిన కాగితం వీళ్ళే చదువుకునేలా చెయ్యండి. గోండుల గురించి స్వయంగా పుస్తకం రాసిన గ్రిగ్సన్ అప్పట్లో నిజాం ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉండటం, సేతుమాధవరావు పగడి లాంటి భాషాప్రియుడు అధికారిగా దొరకడం, ఇవన్నీ ఒక్కచోట కుదిరాయి. అలాంటి కుదురు చరిత్రలో చాలా అరుదుగా వస్తుంది. వచ్చినప్పుడు ఎంతకాలం ఉంటుందో ఎవరికీ తెలియదు. లక్షకు పైగా ఎకరాలకు లావుణి పట్టాలు వచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే బడి మొదలైంది.

ఆ బడి గురించి తలుచుకుంటే నాకు మనసు ఆగదు. చదువు రానివాళ్ళ ఊళ్ళో పంతుళ్ళను తయారుచేసే బడి పెట్టారు. అంతంత మాత్రం అక్షరజ్ఞానం ఉన్న యువకుల్ని వెతికి తెచ్చి, వాళ్ళకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పి, వాళ్ళ గూడేలకే వాళ్ళను పంతుళ్ళుగా పంపారు. పుస్తకాలు గోండీలో, దేవనాగరి లిపిలో తయారయ్యాయి. గోండుల బతుకూ, వాళ్ళ కథలూ తొలిసారి పిల్లల పాఠాలయ్యాయి. ఆ బడుల్లో చదివినవాళ్ళలోంచే తర్వాత పంతుళ్ళు, పట్వారీలు, గుమాస్తాలు వచ్చారు. నిన్నటిదాకా వేలిముద్ర వేసిన ఇంట్లోంచి, పహాణీ రాయగల మనిషి వచ్చాడు.

ఒక గోండు పిల్లవాడి పుస్తకంలో ఏముండాలి? రాయడానికి అక్కడ ఎంతైనా ఉంది. ఆషాఢంలో పశువుల్ని అడవిలోకి తోలేముందు అడవి అంచున చేసే అకాడి పూజ ఉంది. పొలాల అమావాస్యనాడు ఎడ్ల కొమ్ములకు రంగు వేసుకునే సంబరం ఉంది. దీపావళికి ముందు దండారి దళం ఒక గూడెం నుంచి మరో గూడేనికి నడిచి వెళ్తే, నెమలి ఈకల టోపీ పెట్టుకుని, ఒంటికి బూడిద పూసుకుని గుస్సాడీ ఎగురుతాడు, పిల్లలు భయంతోనూ ఆనందంతోనూ తల్లి కొంగు పట్టుకుని చూస్తారు. కొత్త ధాన్యం ముందు దేవుళ్ళకు పెట్టి ఆ తర్వాతే నోట పెట్టుకునే రోజు ఉంది. పుష్యంలో మెస్రం వంశస్థులు కాలినడకన గోదావరి హస్తినమడుగుకు వెళ్ళి నీళ్ళు తెచ్చి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద విడిదిచేసి, అమావాస్య రాత్రి నాగోబాకు అభిషేకం చేస్తారు. ఎండాకాలం తెల్లవారకముందే తల్లితో కలిసి ఇప్పపూలు ఏరడానికి వెళ్ళే దారి ఉంది. ఇవన్నీ పిల్లవాడికి తెలుసు. తెలిసినదాన్ని అక్షరాల్లో చూసుకోవడమే మొదటి చదువు. అప్పుడే అక్షరం తనదవుతుంది.

వీటన్నిటికీ పైన ప్రధాన్ చెప్పే కథ ఉంది. మూడు తీగల కిక్రి పట్టుకుని ప్రధాన్ రాత్రంతా పాడతాడు. శంభు మహాదేవుడు గోండుల పూర్వీకుల్ని గుహలో మూసేస్తే, పహండి కుపార్ లింగాల్ వాళ్ళను వెతికి, జంగుబాయి కరుణతో బయటికి తెచ్చాడు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సగాలు అనే శాఖలుగా పంచి, ఎవరు ఎవరికి పిల్లనిచ్చుకోవాలో, ఏ పెన్‌ను ఎలా కొలవాలో నేర్పాడు. చీకటి గుహలో పడి ఉన్న పిల్లల్ని వెలుతురులోకి తెచ్చే కథ కన్నా పిల్లలకు చెప్పదగ్గ కథ ఇంకేముంటుంది? మార్లవాయి బడి ఆ కథను కిక్రి మీదనుంచి పలక మీదికి దించడం మొదలుపెట్టింది.

అప్పుడే ఒక అవకాశం చేయిజారింది. అది చేయిజారిందని ఆనాడు ఎవరికీ తెలియదు. మార్లవాయి నుంచి కొన్ని గుట్టలు దాటితే నార్నూర్ వైపు గుంజాల అనే ఊరుంది. ఆ ఊళ్ళో ప్రధాన్ల ఇళ్ళలో, తరాలుగా దాచుకున్న రాతప్రతులున్నాయి. దేవనాగరిలో కాదు, తెలుగులో కాదు, గోండీకే ప్రత్యేకమైన లిపిలో. వాటిలో కొన్ని 1750 ప్రాంతానికి చెందినవని పండితుల అంచనా. చాందా రాజుల ముచ్చట్లు వాటిలో ఉన్నాయి. గోండీకి లిపి లేదని అందరూ అనుకుంటున్న రోజుల్లో, అరువు లిపిలో పుస్తకాలు తయారవుతున్న రోజుల్లో, సొంత లిపి ఎడ్లబండి వెళ్ళగలిగినంత దూరంలో ఒక దూలం మీదో, ఒక పెట్టెలోనో ఉంది. దాన్ని చదవగలిగిన మనుషులూ ఉన్నారు. ఎవరైనా ఒక ప్రధాన్ ఒక్కనాడు ఆ కాగితాలు చంకన పెట్టుకుని మార్లవాయి బడి గుమ్మం ఎక్కి ఉంటే? ఈ ప్రశ్న దగ్గర నేను ఎన్నిసార్లు ఆగిపోయానో. సొంత లిపి ఉన్న భాషను ‘యాస’ అని తోసెయ్యడం సర్కారుకు అంత సులువయ్యేది కాదేమో.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. ఎంతోమందికి అది విముక్తి. గడీల కింద నలిగిన తెలంగాణకు అది కావలసిందే, అందులో సందేహం లేదు. మార్లవాయికి మాత్రం ఆ మార్పుతో పాటు మనుషులూ మారిపోయారు. హైమెండార్ఫ్ లండన్ చేరి స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో ఆచార్యుడయ్యాడు. గ్రిగ్సన్ అప్పటికే హైదరాబాద్ కొలువులో లేడు. కొత్తగా వచ్చిన అధికారులు చెడ్డవాళ్ళని చెప్పడానికి లేదు. వాళ్ళకు గోండీ రాదు, అంతే. ఒక బడి నలుగురైదుగురి ప్రేమ మీద నిలబడి ఉన్నప్పుడు, ఆ నలుగురైదుగురి బదిలీతోనే దానికి కాలం చెల్లుతుంది. చట్టం మీద దాన్ని నిలబెట్టి ఉండాల్సింది. అది జరగలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు చట్టం కూడా వచ్చింది. ఈ కథలో నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఆ తేదీ. 1956 నవంబరు 1. ఆ రోజు భాషాప్రయుక్త రాష్ట్రాలు అవతరించాయి. హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. రాజురా, కిన్వట్ తాలూకాలు ఆదిలాబాద్ నుంచి విడిపోయి బొంబాయి రాష్ట్రంలోకి వెళ్ళాయి. తెలుగువాళ్ళకు, కన్నడిగులకు పండుగ. అదే రోజున, రాష్ట్రాల్ని పునర్విభజించిన ఏడో సవరణ ద్వారానే, రాజ్యాంగంలో 350ఎ అధికరణం అమల్లోకి వచ్చింది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతుంది. గోండీ వాచకాన్ని కాపాడగలిగిన వాక్యమూ, దాన్ని మింగేసిన సరిహద్దూ ఒకే నాడు పుట్టాయి. ఆ వాక్యం పట్టుకుని మార్లవాయి వైపు నడిచిన అధికారి ఒక్కడుంటే చాలు. పాఠం చెప్పడానికి శిక్షణ పొందిన గోండు పంతుళ్ళు అప్పటికి బతికే ఉన్నారు. అచ్చయిన పాఠాలున్నాయి. కొత్తగా చెయ్యాల్సింది దాదాపు ఏమీ లేదు.

అదేదీ జరగలేదు. సరిహద్దుకు ఇవతల ఉన్న గోండు పిల్లలకు తెలుగు, అవతల ఉన్న వాళ్ళ మేనమామ పిల్లలకు మరాఠీ, ఇంకా పైకి వెళ్తే మధ్యప్రదేశ్‌లో హిందీ. ఒకే పెన్‌ను కొలిచే సగ బంధువులు మూడు బడి భాషలుగా విడిపోయారు. భాషల కోసం రాష్ట్రాలు గీసినవాళ్ళకు ఈ భాష కనబడలేదు. లక్షల మంది మాట్లాడే భాషకు ఒక జిల్లా కూడా తనదని చెప్పుకునేందుకు మిగల్లేదు.

బడులు మాత్రం పెరిగాయి. గూడేల్లో ప్రాథమిక బడులు, తర్వాత ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. మైదానం నుంచి పంతుళ్ళు వచ్చారు. వాళ్ళలో మంచివాళ్ళు ఎంతోమంది. వానకాలం వాగులు దాటి బడికి వచ్చినవాళ్ళు, తమ జీతంలోంచి పిల్లలకు చొక్కాలు కొన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మీద నాకు గౌరవమే. కానీ మొదటిరోజు బడికి వచ్చిన ఆరేళ్ళ పిల్లను తలుచుకోండి. ఇంట్లో ఆమె గలగలా మాట్లాడుతుంది, తమ్ముడికి కథ చెబుతుంది, మేకల్ని పేరుపెట్టి పిలుస్తుంది. బడిలో కూర్చోగానే ఆమెకు మాట పోతుంది. పంతులు చూపే బొమ్మ తెలుసు, పంతులు అనే పేరు తెలియదు. జవాబు తెలుసు, ప్రశ్న అర్థం కాదు. ‘ఈ పిల్లకు ఏమీ రాదు’ అని పుస్తకంలో రాసుకుంటారు. నాలుగు నెలలకు ఆ పిల్ల బడికి రావడం మానేస్తుంది. మేకల దగ్గరికి వెళ్తే ఆమెకు మాటలు మళ్ళీ వస్తాయి.

భూమి కూడా అదే దారి పట్టింది. రోడ్లు పడ్డాయి, పత్తి వచ్చింది, మైదానాల నుంచి జనం వచ్చారు. 1940లలో రాసిచ్చిన పట్టాలు ఎన్నో చేతులు మారాయి. కౌలు పేరుతో కొన్ని, అప్పు పేరుతో కొన్ని. 1959లో చేసిన భూబదిలీ నిషేధ చట్టాన్ని 1963లో తెలంగాణకు వర్తింపజేశారు, 1970లో ఇంకా గట్టి చేశారు. పోయిన చేలలో ఎక్కువ తిరిగి రాలేదు. గోండుల చేను పోతే ప్రధాన్‌కు పండుగనాడు పెట్టే ధాన్యం పోతుంది. ధాన్యం పోతే అతను కిక్రి దించి కూలికి వెళ్తాడు. కథను పుస్తకం వదిలేసిన కొద్దికాలానికే కిక్రి కూడా వదిలెయ్యడం మొదలైంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. జోడెఘాట్ తర్వాత నలభై ఏళ్ళకు అదే నేల మీద అదే కారణానికి అదే జవాబు వచ్చింది. మధ్యలో ఇంకో రకమైన జవాబు పుట్టి, కొన్నాళ్ళు బతికి, పోయిందని ఆనాటి పత్రికలు చదివినవాళ్ళలో ఎందరికి తెలుసు?

హైమెండార్ఫ్ 1970లలో తిరిగివచ్చాడు. తను నాటినదానికి ఏమైందో కళ్ళారా చూశాడు. పరాయిచేతుల్లోకి వెళ్ళిన చేలు, గోండీ వినిపించని తరగతి గదులు. 1982లో అచ్చయిన ఆయన పుస్తకం భారతదేశపు ఆదివాసుల బతుకుపోరాటం గురించి. పండితుడు రాసిన ఆ పుస్తకంలో ఒక తండ్రి బాధ వినిపిస్తుంది నాకు. 1987 జనవరిలో బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూసింది. ఆమెకు మార్లవాయిలో సమాధి కట్టారు. 1995లో ఆయన లండన్‌లో పోయాడు. ఇప్పుడు ఇద్దరి సమాధులూ మార్లవాయిలో పక్కపక్కనే ఉన్నాయి. ఏటా జనవరి 11న గోండులు అక్కడ పూజ చేస్తారు. సమాధులు నిలిచాయి, బడి పాఠం నిలవలేదు.

ఈ మధ్య కెనడా మైదానాల్లోని క్రీ జాతివాళ్ళు తమ పిల్లల కోసం తెస్తున్న బొమ్మల పుస్తకాల గురించి చదివాను. అడవిదున్నల వేట, చలికాలపు గుడారాలు, తాత చెప్పే కథలు, పక్కనే క్రీ భాషలో వాక్యాలు. ఆ పుస్తకాలు ఎంత అందంగా ఉన్నా వాటి వెనక ఒక పెద్ద గాయం ఉంది. అక్కడి ప్రభుత్వమూ చర్చీలూ కలిసి శతాబ్దానికి పైగా నడిపిన వసతి బడుల్లోకి లక్షా యాభైవేల మందికి పైగా ఆదివాసీ పిల్లల్ని తీసుకెళ్ళారు. సొంత భాష మాట్లాడితే కొట్టారు. 2015లో ఆ దేశపు సత్య, సమాధాన సంఘం దాన్ని సాంస్కృతిక జాతిహత్య అని తేల్చింది. క్రీలకు పంతొమ్మిదో శతాబ్దం నుంచీ తమ లిపి ఉంది. బడి ఎంత తుడిచినా ఇళ్ళలో, ప్రార్థనా పుస్తకాల్లో అది బతికింది. వాళ్ళకు ముందు గాయం, తర్వాత పుస్తకం. మనకు తలకిందులు. ముందే పుస్తకం ఉంది. ఎవరూ కొట్టకుండానే, ఎవరూ తిట్టకుండానే, దాన్ని మనమే జారవిడిచాం.

2006లో గుంజాల రాతప్రతులు బయటికొచ్చాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వాటిని వెలుగులోకి తెచ్చినప్పుడు, ఆ లిపి చదవగలిగినవాళ్ళు ఊళ్ళో వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు. అందరూ ముసలివాళ్ళే. 2014లో దానికి కంప్యూటర్ అక్షరాలు తయారయ్యాయి, పిల్లల కోసం పాఠాలూ వచ్చాయి. 2018లో యూనికోడ్‌లో గుంజాల గోండీ లిపికి చోటు దొరికింది. అంతకుముందు, 2004 ప్రాంతంలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండీ, కొలామీ, కోయ, సవర సహా ఎనిమిది ఆదివాసీ భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చింది. అవి కొన్ని బడుల గడప దాటలేదు. ఈ ప్రయత్నాలు చేసినవాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. అయినా, ఇంత ఆలస్యంగా వచ్చిన దీపం ఎవరి ముఖాల్ని చూపిస్తుందో తలుచుకుంటే గుండె చెరువవుతుంది. 1943లో మార్లవాయి బడిలో ఆరేళ్ళకు పలక పట్టిన పిల్లవాడు, గుంజాల కాగితాలు బయటపడేనాటికి అరవై తొమ్మిదేళ్ళవాడు.

2011 జనాభా లెక్కల్లో గోండీ తమ మాతృభాష అని చెప్పినవాళ్ళు దేశం మొత్తం మీద దాదాపు ముప్పై లక్షల మంది. తాము గోండులమని చెప్పుకునేవాళ్ళు అంతకు కొన్ని రెట్లు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో గోండీకి ఇప్పటికీ చోటు లేదు. మార్లవాయివాడే అయిన గుస్సాడీ కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో, దండారి రోజుల్లోనే, ఆయన వెళ్ళిపోయాడు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఆ గుట్టల్లో ఈ ఏడు ఒకటో తరగతిలో చేరిన గోండు పిల్ల గోండీలో కలగంటుంది, తెలుగులో హాజరు పలుకుతుంది, ఇంగ్లీషులో పరీక్ష రాస్తుంది. ఆమె ముత్తాత, మార్లవాయిలో, ఒక్క భాషతోనే చదువు మొదలుపెట్టాడు.